రెండు సమయాలు రాసే ఆంటీ

ఒకప్పటి మా ఎదురు ఫ్లాట్ ఆంటీ పోయిందన్న కబురు గురువారం సాయంత్రం ఫోన్‌లో వచ్చింది. పంపింది ఆమె కూతురు. "అమ్మీ ఇక లేదు. డాక్టర్ వచ్చి చూసిన సమయం ఆరు గంటల అయిదు నిమిషాలు. పోయిన సమయం తెలియదు." అంతే, మూడు వాక్యాలు. పత్రికా ఉద్యోగంలో చాలా మరణవార్తలు రాశాను. తెలియనిదాన్ని తెలియదని చెప్పిన మరణవార్త మాత్రం నాకు ఎప్పుడూ తగల్లేదు. ఆ పిల్ల ఎవరి చేతిలో పెరిగిందో ఆ మూడో వాక్యం చెబుతుంది.

ఈ పరాయి దేశంలో, బుకిట్ బటోక్ అనే పేటలో, ఒకే అంతస్తులో ఎదురెదురుగా మేం చాలా ఏళ్లున్నాం. ఆంటీది హైదరాబాద్ పాతబస్తీ. అంకుల్ జురాంగ్ ఐలాండ్‌లో ఒక ప్లాంట్‌లో ఫోర్‌మన్. నేను ఇక్కడి ఒక ఇంగ్లీషు పత్రికలో రిపోర్టర్‌ని. అప్పట్లో మన ఊళ్ల నుంచి వచ్చే ప్రతి విమానంలోనూ పదిమంది ప్రోగ్రామర్లు దిగేవారు. వాళ్లలో ఒకడు, గుంటూరు కుర్రాడు, నా ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక చిన్న కంపెనీలో కాంట్రాక్టు మీద పని. ఆంటీ అతన్ని పేరుతో కాక ఊరితో పిలిచేది. నన్ను 'పేపర్ బేటా' అనేది.

ఆమె ఇంట్లో ప్రతి డబ్బా మీదా ఒక కాగితపు టేపు ముక్క ఉండేది. దాని మీద పెన్సిల్‌తో రెండు గీతలు, రెండు సమయాలు. మొదటిది పొయ్యి మీంచి దించిన సమయం, రెండోది ఫ్రిజ్‌లో పెట్టిన సమయం. మాకు పంపిన ఖట్టీ దాల్ డబ్బా మీద కూడా అలాగే ఉండేది. నేనొకసారి నవ్వితే, "నవ్వు బేటా, నవ్వు. ఈ ఊరి ఎండల రెండింటి నడుమ గంట దాటితే ఆ పప్పు నిన్ను జూసి నవ్వుతది" అంది.

అది వంటింటి అలవాటు కాదు, ఆమె పని నుంచి వచ్చింది. క్యాన్సర్ మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో ఆమె టెక్నీషియన్. ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్కను ముందు ఫార్మలిన్‌లో వేస్తారు. తర్వాత మైనంలో దిమ్మెగా పోస్తారు. ఆ దిమ్మెను ఒక యంత్రం మీద, మనిషి వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పల్చని పొరలుగా కోయాలి. పొరను గోరువెచ్చని నీటి మీద తేలేలా వదిలి, కింద నుంచి గాజుపలకతో ఎత్తాలి. ముడత పడకూడదు, చిరగకూడదు. ఆమె పాల మీద మీగడ తీస్తున్నప్పుడు ఆ చెయ్యి తిరిగే తీరు చూస్తే, పగలంతా ఏం చేస్తుందో అర్థమయ్యేది. గాజుపలక అంచున నంబరు పెన్సిల్‌తోనే రాసేది. తర్వాత వాడే రసాయనాల్లో సిరా కొట్టుకుపోతుంది, పెన్సిల్ గీత ఉంటుంది.

గడ్డ ఎలా పెరుగుతుందని నేనడిగితే ఒకసారి ఇలా చెప్పింది. "అందరు గడ్డనే జూస్తరు. దాని ఇరుగుపొరుగును జూడాలె. కొందరు దానికి దారిస్తరు, కొందరు తలుపేస్తరు, కొందరు కేకలేస్తరు. ఒక్క గడ్డనే జూస్తే ఏం దెలుస్తది?" నేరవార్తలు రాసేటప్పుడు ఆ మాట నాకు చాలాసార్లు పనికొచ్చింది. నిందితుడి ఇంటికన్నా ముందు పక్కింటికి వెళ్లడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న వారానికి వస్తాను.

ఆమె పనిచేసే ప్రయోగశాల అప్పుడు రెండు ఆసుపత్రులతో కలిసి ఒక అధ్యయనం చేస్తోంది. ఒక ఆసుపత్రి ఇక్కడిది, రెండోది సరిహద్దు వంతెన అవతల, పొరుగు దేశానిది. ముక్కలు రెండు చోట్ల నుంచీ వచ్చేవి. వాటి వివరాలు ఒకే కంప్యూటర్ వ్యవస్థలోకి ఎక్కేవి. ఆ వ్యవస్థను తయారుచేసింది మా గుంటూరు కుర్రాడి కంపెనీయే. అధ్యయనానికి పెద్ద ఒక చైనీస్ ప్రొఫెసరమ్మ. వాళ్లు కనుక్కున్నది ఇది: కొందరు రోగుల్లో గడ్డ చుట్టూ ఉన్న మామూలు కణాలు ఆపదలో పడ్డట్టు ఒక గుర్తు చూపిస్తున్నాయి. రంగు వేస్తే అక్కడ ముదురు గోధుమ రంగు వస్తుంది. ఆ గుర్తు ఉన్నవాళ్లకు గడ్డ తిరిగి రావచ్చని వాళ్ల అనుమానం. అలాంటి రోగులను ఎంచి, బలమైన కొత్త మందును వాళ్ల మీద పరీక్షించడం తర్వాతి మెట్టు. సోమవారం ప్రకటన. నాకు ఒకరోజు ముందే ఇస్తామన్నారు. శనివారం పొద్దున ప్రొఫెసర్‌తో మాట్లాడి, సాయంత్రం అయిదుకల్లా పంపితే ఆదివారం మొదటి పేజీ. కథనం చాలావరకు రాసేశాను.

ఆ వారమంతా ఆంటీ నాతో మాట్లాడలేదు. వరండాలో ఎదురుపడితే తలూపి వెళ్లిపోయేది. పళ్లెం తిరిగివ్వడానికి వచ్చి, గడప బయటే పెట్టి పోయింది.

శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకు తలుపు తట్టింది. నా కోసం కాదు. వంటింట్లో దోసెలు పోస్తున్న కుర్రాడి దగ్గరికి తిన్నగా వెళ్లింది.

"గుంటూరూ, ఒక మాట అడుగుత. సచ్ చెప్పు."

"అడగండాంటీ. గోంగూర పచ్చడి మాత్రం అడక్కండి, అయిపోయింది."

ఆమె నవ్వలేదు.

"నీ కంప్యూటర్ ఫారంల ఒక గడి ఉంటది. ముక్క ఒంట్లకెల్లి తీసినంక ఫార్మలిన్‌ల వేసేదాక ఎన్ని నిమిషాలు అని. వంతెన అవతలి ఆసుపత్రోళ్లవి మస్తు ముక్కలకు ముప్పై ఉంది. ఒక్కటి ఇరవై తొమ్మిది లేదు, ఒక్కటి ముప్పై రెండు లేదు. దునియాల ఏ మనిషైనా అట్ల పని జేస్తడా?"

దోసె మాడుతున్న వాసన వచ్చింది. కుర్రాడు పొయ్యి కట్టేశాడు.

"అది డీఫాల్టాంటీ."

"అంటే?"

"ఆ గడి ఖాళీ వదిలేస్తే స్క్రీను ముందుకు పోవట్లా. ఆసుపత్రి నుంచి రోజూ ఫోన్లు. రేపు డెమో ఉంది, ఏదోటి పెట్టవయ్యా అన్నాడు మా మేనేజరు. రూల్సులో అరగంట లోపు వెయ్యాలని ఉంది గదా, ముప్పై పెట్టా. ఎవరైనా ఖాళీ వదిలితే అదే ముప్పై వేసుకుంటది."

ఆంటీ స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఖాళీ పెట్టినోడు నిజం జెప్పిండు. వాని నోట్ల నువ్వు అబద్ధం పెట్టినవు."

"అంత మాటనొద్దాంటీ. నేను కోడ్ రాసేవోణ్ణి. ఆ ముక్కేంటో, దాని కథేంటో నాకు ఎవరన్నా చెప్పారా?"

"నేను జెప్పకపోతినా? ఎదురింట్లనే ఉంటి గద, అడగకపోతివా?"

అప్పుడు విషయం మొత్తం చెప్పింది. కొన్ని దిమ్మెలు కత్తి కింద సరిగా తెగడం లేదని ఆమె చేతికి ముందే తెలిసింది. అంచులు పీచులా లాగుతున్నాయి. వాటి నంబర్లు తన నోట్‌బుక్‌లో ఒక పేజీలో రాసుకుంటూ వచ్చింది. గోధుమ రంగు బాగా ముదిరినవి దాదాపు అవే. ఆ నంబర్ల పక్కన ఆపరేషన్ జరిగిన రోజు వేసి చూసింది. అన్నీ శుక్రవారాలే.

"అంకుల్‌ను అడుగు, జుమ్మా నమాజుకు పోయొస్తే రెండు గంటలైతదా కాదా. అక్కడ ఫార్మలిన్‌ల వేసేటోడు ఒక్కడే. మలాయ్ పిలగాడు. ఫోన్ జేసిన. నన్ను 'కాక్' అంటడు, అక్కా అని. 'కాక్, శుక్రవారం ఆపరేషన్ ఎప్పుడు అయిందో నాకు దెల్వది, నమాజు నుంచి వచ్చేటాళ్లకు ముక్క బల్ల మీద ఉంటది. దెల్వనిది ఎట్ల రాస్త? ఖాళీ పెట్టిన' అన్నడు."

రక్తం అందని ముక్క రెండు గంటలు బయట ఉంటే, దానిలోని కణాలు కూడా ఆపద గుర్తు చూపిస్తాయి. అది గడ్డ పని కాకపోవచ్చు. "కేకలైతే వినబడ్తున్నయి. గడ్డ కొట్టినందుకు ఏడుస్తున్నయా, బల్ల మీద వదిలేసినందుకు ఏడుస్తున్నయా? ఇది తేల్చకుండ మనుషులకు మందు బెడతరా?" అంది. వెంటనే నా వైపు తిరిగి వేలు చూపించింది. "ఇంకొకటి విను. రేపు ఎవడో ఒకడు, 'వాడు నమాజుకు పోయిండు, పని చెడింది' అంటడు. అది గాదు. ఆ రెండు గంటలకు ఇంకో మనిషిని పెట్టనోళ్లది తప్పు. నువ్వు రాసిన రోజు అట్లనే రాయి."

గురువారమే ఆమె ప్రొఫెసర్‌కు చెప్పింది. దిమ్మెలు సరిగా తెగడం లేదని, మరొకసారి చూడాలని. ప్రొఫెసర్ కంప్యూటర్‌లో ముప్పై చూపించి, "ఆంటీ, యూ కట్, వీ రీడ్. కెన్?" అందట. నువ్వు కోయి, మేం చదువుతాం, సరేనా అని.

నా పరిస్థితి చెప్పాలి. ఆదివారం మొదటి పేజీ వార్త తప్పు కావచ్చని నా వంటింట్లో నిలబడి విన్నాను. "ఆంటీ, నేను విన్నాను. విననట్టు రాయలేను" అన్నాను.

"విననట్టు ఉండుమన్ననా? రేపు పొద్దున ల్యాబ్‌కు వస్తవు గద. వచ్చి కూసో. ఈ వారమంత తయారు జేస్తున్న రుజువు జూపిస్త. చూపియ్యకపోతే నీ ఇష్టమొచ్చింది రాస్కో." తర్వాత కుర్రాడి వైపు చూసింది. "గుంటూరూ, మనిషి టైప్ జేసిన ముప్పై ఏది, మిషను వేసుకున్న ముప్పై ఏది, తెలుస్తదా?"

"లాగ్‌లో ఉంటదాంటీ, మిషను రాసుకునే చిట్టాలో. కానీ దాని ప్రింటు బయటికొస్తే నా ఉద్యోగం, వర్క్ పాస్ రెండూ పోతాయి. నెలలో విమానం ఎక్కాలి."

ఏం కాదులే అని ఆమె అనలేదు. అదే నాకు బాగా గుర్తుంది. "పోతది కావచ్చు" అంది. "నా కాంట్రాక్టు గూడ ఆ ప్రొఫెసర్ చేతులనే ఉంది. నేను గూడ పోత కావచ్చు. పొద్దుగాల దాక ఆలోచించుకో."

ఆమె వెళ్లాక అతను మాడిన దోసెను అట్లకాడతో గీకుతూ ఉండిపోయాడు. నేనేమీ సలహా ఇవ్వలేదు. ఇచ్చే హక్కు నాకుందో లేదో తేలలేదు.

శనివారం పదింటికి నేను ప్రయోగశాలలో ఉన్నాను. ప్రొఫెసర్ నాతో గంటసేపు మాట్లాడింది. స్పష్టంగా, ఉత్సాహంగా చెప్పింది. అబద్ధమాడే మనిషి కాదని నాకనిపించింది. తన ముందున్న అంకెను నమ్మింది, అంతే. మాటలు ముగిసేసరికి ఆంటీ వచ్చి, చిన్న ట్రే పట్టుకుని నిలబడింది. అయిదు నిమిషాలు కావాలంది. ప్రొఫెసర్ నావైపు చూసి, గడియారం చూసి, లోపలికి వెళ్లింది.

ఇద్దరు ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోప్ అక్కడ ఉంది. వాళ్లు చెరోవైపూ కూర్చున్నారు. నేను అద్దం తలుపు బయట ఉన్నాను, మాటలు వినపడలేదు. తర్వాత ఇద్దరినీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ ఒకే మాటలు చెప్పారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆంటీ రెండు గాజుపలకలు పెట్టింది. వాటి మీద పెన్సిల్ నంబర్లు తప్ప ఏమీ లేవు. "డాక్టర్, వీటిలో ఆపద గుర్తు దేనిలో ఉంది?" అని అడిగింది. ప్రొఫెసర్ ఒకటి చూసింది. రెండోది చూసింది. మళ్లీ మొదటిది చూసి, రెండోదాని మీద వేలు పెట్టింది. "దీనిలో. చాలా స్పష్టంగా."

"రెండూ ఒకే ఎలుకవి. ఆ ఎలుకకు గడ్డ లేదు" అంది ఆంటీ. "ఒక సగం వెంటనే ఫార్మలిన్‌లో వేశాను. రెండో సగం, ఒక మనిషి నమాజుకు వెళ్లి వచ్చేంతసేపు బల్ల మీద ఉంచాను."

అద్దం అవతల నుంచి నేను చూసింది ఒక్కటే. ప్రొఫెసర్ తల ఎత్తలేదు. కళ్లు మైక్రోస్కోప్ మీదే ఉన్నాయి, ఫోకస్ చక్రం తిప్పే చెయ్యి మాత్రం ఆగిపోయింది.

తర్వాత ఆమె వేసిన ప్రశ్న న్యాయమైనది. ఇది ఎలుక సంగతి. ఆసుపత్రి ఫారాల్లో ముప్పై నిమిషాలని ఉంది. ఆ ముక్కలు రెండు గంటలు బయట ఉన్నాయనడానికి ఆధారం ఏది? ఆధారం వస్తుందని ఆంటీ చెప్పింది. వస్తుందో రాదో ఆమెకూ తెలియదు.

పన్నెండయింది. ఒంటి గంటయింది. వర్షం మొదలైంది. ఎడిటర్ నుంచి రెండు ఫోన్లు వచ్చాయి. ఆంటీ తన యంత్రం దగ్గర కూర్చుని దిమ్మెలు కోస్తూనే ఉంది. పొర తర్వాత పొర నీటి మీదికి వదులుతోంది. కానీ మధ్యాహ్నం ఒక పొర చిరిగింది. ఆమె చేతిలో చిరిగిన పొరను నేను చూసింది ఆ ఒక్కటే.

రెండుంబావుకు లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. లోపల మా కుర్రాడు నిలబడి ఉన్నాడు, చొక్కా పూర్తిగా తడిసి, చేతిలో పాలిథిన్ సంచి. అతను బయటికి రాలేదు. తలుపు మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది. అతను అక్కడే ఉన్నాడు, నన్ను చూశాడు. నేను చెయ్యి ఊపలేదు, పిలవలేదు. తలుపు మళ్లీ మూసుకోబోతుండగా కాలు అడ్డం పెట్టి బయటికి వచ్చాడు.

"మా ఆఫీసు దగ్గర ఎక్స్‌పో స్టేషన్లో ట్రైన్ ఎక్కి రెండుసార్లు దిగిపోయానండీ" అన్నాడు. "మూడోసారి ఎక్కి కళ్లు మూసుకు కూచున్నా."

సంచిలోంచి అతను తీసిన లాగ్ కాగితాలను ప్రొఫెసర్ స్కేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదివింది. మిషను వేసుకున్న ముప్పైల పక్కన ఆంటీ నోట్‌బుక్ పేజీ పెట్టుకుంది. సగం పేజీ అయ్యాక స్కేలు పక్కన పెట్టేసింది. ఫోన్ ఎత్తి సోమవారం ప్రకటన రద్దు చేయమంది. బయటికి వచ్చి నాతో, "ఈరోజు వార్త లేదు. మేం తప్పు చేశామని రాయాలంటే రాయి, నేను కాదనను" అంది. కుర్రాడి పేరు అడిగి కాగితం మీద రాసుకుంది.

నేను ప్రకటన వాయిదా పడిందని, ముక్కలు భద్రపరిచిన సమయాలను మళ్లీ పరిశీలిస్తున్నారని నాలుగు వాక్యాలు రాశాను. లోపలి పేజీలో వచ్చింది. నా ఎడిటర్ నెలరోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు.

కుర్రాడి కాంట్రాక్టు పోయింది. పాస్ గడువు ముగియడానికి వారం ముందు మరో కంపెనీలో పని దొరికింది. ప్రొఫెసర్ ఇచ్చిన ఉత్తరం అందుకు ఉపయోగపడింది. ఆ రోజుల్లో రాత్రి భోజనం ఆంటీ ఇంట్లోనే. "తిను గుంటూరూ. నీ నౌకరీ తిన్నది నేనే, నీకు తినవెట్టేది గూడ నేనే" అనేది. అతను తల వంచుకుని తినేవాడు, మూడోసారి పప్పు వడ్డించమని అడిగేవాడు. ఇప్పటికీ అతను తయారుచేసే ప్రతి ఫారంలో 'తెలియదు' అని ఒక గడి ఉంటుందట.

వంతెన అవతలి ఆసుపత్రిలో శుక్రవారాలకు రెండో మనిషిని పెట్టారు. అధ్యయనం మళ్లీ మొదటి నుంచి చేశారు. ఏడాది పైన పట్టింది. తేలిన విషయం మునుపటికన్నా చిన్నది, కానీ నిలబడింది. అందులో ఆంటీ పేరు చివర, కృతజ్ఞతల్లో, ఒక వరుసలో వచ్చింది. చాలదా అని అడిగాను. "పేరు పెన్సిల్‌తోని రాసిండ్రు బేటా. సిరాతోని రాస్తే కొట్టుకపోతుండె" అంది. నవ్విందో లేదో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ ఏడాది చైనీస్ కొత్త సంవత్సరానికి ప్రొఫెసర్ నారింజ పళ్లు పట్టుకుని బుకిట్ బటోక్ వచ్చింది. గుమ్మంలోనే, "ఆంటీ, నెక్స్ట్ టైమ్ షౌట్ లౌడర్, కెన్?" అంది. ఆంటీ పళ్లు అందుకుంటూ, "డాక్టర్, ఐ డోంట్ నో షౌటింగ్. ఓన్లీ కటింగ్" అంది. ఇద్దరూ వంటింట్లోకి వెళ్లారు. అరగంట తర్వాత ప్రొఫెసర్ చేతిలో ఒక డబ్బా, దాని మీద టేపు, రెండు సమయాలు.

ఆమె దగ్గర నేర్చుకున్నది ఆ తర్వాత నా పనిలో రోజూ వాడాను. పోలీసు ప్రకటనలో వయసు లేకపోతే 'సుమారు నలభై' అని రాయడం మానేశాను. ఖాళీగా ఉన్నదాన్ని ఖాళీగానే ఉంచాను. దానివల్ల నా వార్తలు కొన్ని పొట్టివయ్యాయి.

శుక్రవారం జుమ్మా తర్వాత ఖననం జరిగింది. అంకుల్ అయిదేళ్ల క్రితమే పోయారు. గుంటూరు కుర్రాడు వచ్చాడు, ఇప్పుడు కుర్రాడు కాదు, జుట్టు నెరిసింది. ఖబరస్తాన్‌లో నా పక్కన నిలబడి, వంతు వచ్చినప్పుడు మట్టి వేశాడు.

ఆదివారం మేమిద్దరం ఆమె ఇంటికి వెళ్లాం. కూతురు తలుపు తీసి, వంటింట్లోకి తీసుకెళ్లింది. ఫ్రిజ్‌లోంచి ఒక స్టీలు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. గురువారం ఆమె చివరగా చేసిన ఖట్టీ దాల్. మూత మీద టేపు. మొదటి గీత మీద ఆమె చేతివ్రాతతో 4.10. రెండో గీత మీద ఏమీ లేదు.

"నేను ఆరింటికి ముందు వచ్చాను. అమ్మీ కుర్చీలో ఉంది. డబ్బా బల్ల మీద ఉంది. తర్వాత ఎవరు ఫ్రిజ్‌లో పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలీదు. పక్కవాళ్లు చాలామంది వచ్చారు" అంది. డబ్బా పక్కనే ఆమె పెన్సిల్ ఉంది. కూతురు దాన్ని తీసుకుంది. "రఫ్లీ సిక్స్ థర్టీ లాహ్. రాసేయనా?" అంది, ఇక్కడి ఇంగ్లీషు యాసలో.

గుంటూరు కుర్రాడు ఆ ఖాళీ గీతనే చూస్తున్నాడు. పెన్సిల్ మొన రెండో గీత మీద ఆనింది. ఒక చిన్న చుక్క పడింది.

"వద్దు. అమ్మీ తిడుతుంది" అని, ఆ పిల్ల పెన్సిల్ కింద పెట్టింది.

మూత మీద చల్లటి నీటిచుక్కలు పట్టాయి. అవి జారి టేపు తడిసింది. మొదటి గీత మీది అంకెలు చెరగలేదు.